పునఃకథన పదబంధాలు

పునఃకథన పదబంధం అనగా ముందు చెప్పిన విషయాన్నే వేరే మాటలలో తిరిగి చెప్పబోతున్నట్లు చదువరికి సూచించే మాట. తెలుగులో అనగా, అంటే, మరో విధంగా చెప్పాలంటే అనేవి, ఆంగ్లంలో "దట్ ఈజ్", "ఇన్ అదర్ వర్డ్స్", "నేమ్లీ", "టు పుట్ ఇట్ అనదర్ వే" అనేవి ఈ కోవకు చెందినవి.

ప్రయోజనం

క్లిష్టమైన భావాన్ని గానీ, పారిభాషిక పదాన్ని గానీ విశదపరచడానికి వీటిని వాడతారు. ఉదాహరణకు: "చెంచులు సంప్రదాయంగా ఆహార సేకరణపై ఆధారపడిన తెగ. మరో విధంగా చెప్పాలంటే, అడవిలో దొరికే తేనె, దుంపలు, పండ్లు వారి జీవనాధారం." రెండవ వాక్యం మొదటిదానికంటే తేలికగా లేదా నిర్దిష్టంగా ఉండాలి. లేనిచో అది చర్విత చర్వణమే అవుతుంది. రెండవ వాక్యంలో కొత్త విషయం చేరితే అది పునఃకథనం కాదు.

భారతీయ సంప్రదాయంలో

ఈ పద్ధతి మనకు కొత్త కాదు. పద్యానికి ప్రతిపదార్థం, తాత్పర్యం వ్రాయడం ఇటువంటిదే. నేటి మెదక్ జిల్లాలోని కొల్చారానికి చెందిన మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు ప్రసిద్ధ వ్యాఖ్యలు రచించాడు. సంస్కృత వ్యాఖ్యానాలలో తరచుగా కనిపించే "ఇత్యర్థః" (అని అర్థం) అనే మాట పునఃకథన సూచకమే.

ఆంగ్లంలో వాడే విధానం

* "ఇన్ అదర్ వర్డ్స్" సాధారణంగా వాక్యారంభంలో వస్తుంది. దాని తరువాత కామా ఉంచాలి.
* "దట్ ఈజ్" వాక్యం మధ్యలో రెండు పూర్తి ఉపవాక్యాలను కలిపితే, దానికి ముందు సెమీకోలన్, తరువాత కామా ఉంచాలి.
* "నేమ్లీ" తరువాత ముందు చెప్పినవాటి పేర్లు వరుసగా రావాలి.

సాధారణ దోషాలు

తెలుగు విద్యార్థులు "అంటే" అన్న ప్రతిచోటా "మీన్స్" అని వ్రాయడం తరచుగా కనిపించే దోషం. "మీన్స్" క్రియాపదం, అనుసంధాన పదం కాదు. ఆ చోట "దట్ ఈజ్" వాడాలి.

రెండవ దోషం "ఐ.ఇ.", "ఇ.జి." అనేవాటిని తారుమారు చేయడం. రెండూ లాటిన్ సంక్షిప్త రూపాలే. మొదటిదానికి "అనగా" అని, రెండవదానికి "ఉదాహరణకు" అని అర్థం. "అచ్చంపేట ప్రాంతపు గిరిజనులు, ఐ.ఇ. చెంచులు" అని వ్రాస్తే అక్కడ చెంచులు తప్ప వేరే గిరిజనులు లేరని అర్థం వస్తుంది. అదే ప్రాంతంలో ఉన్న లంబాడీలు ఆ వాక్యంలో లేకుండా పోతారు. ఇక్కడ "ఇ.జి." వాడాలి.

చట్టంలో ప్రాముఖ్యం

కేంద్ర అమ్మకపు పన్ను చట్టం, 1956 లో "ఇనుము, ఉక్కు" అన్న మాటల తరువాత "దట్ ఈజ్ టు సే" అని వస్తువుల జాబితా ఇచ్చారు. ప్యారేలాల్ మల్హోత్రా కేసులో (1976) ఈ పదబంధం సాధారణంగా అర్థాన్ని స్పష్టపరచి స్థిరపరుస్తుందే కానీ, "ఇంక్లూడ్స్" వలె విస్తరించదని సుప్రీంకోర్టు వివరించింది. జాబితాలోని ఒక్కొక్క వస్తువునూ పన్ను నిమిత్తం వేరు వేరు సరుకుగా పరిగణించింది.

చెక్కుపై సొమ్మును అంకెలలోనూ, అక్షరాలలోనూ వ్రాయడం కూడా పునఃకథనమే. రెండింటికీ తేడా వస్తే, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం, 1881 లోని 18వ సెక్షను ప్రకారం అక్షరాలలో వ్రాసినదే చెల్లుతుంది.

ఇవి కూడా చూడండి

* తాత్పర్యం
* విరామ చిహ్నాలు
* మల్లినాథసూరి