పాలు పడని పశువుల సీమ

ఆలంపూర్ అనగానే మనకి గుర్తొచ్చేవి జోగులాంబ అమ్మవారు, తుంగభద్ర, బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దాల్లో కట్టించిన నవబ్రహ్మ ఆలయాలు. శివుడికి పాలాభిషేకం సరే, మరి ఆ సీమలో జనం జొన్న గటకలో పోసుకునేది? సల్ల. అంటే మన మజ్జిగే. దేవుడికి పాలు, మనిషికి సల్ల అనే ఈ పంపకం వెనక బోలెడు చరిత్ర ఉందండోయ్.

ఆ గుళ్ళకంటే మూడు వేల ఏళ్ళు వెనక్కి వెళదాం. అదే పాత మహబూబ్‌నగర్ జిల్లాలో, మక్తల్ వైపు ఉట్నూరు అని ఒక ఊరుంది (ఆదిలాబాద్ ఉట్నూరు వేరు). అక్కడో బూడిద దిబ్బ. 1957లో ఆల్చిన్ అనే బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త దాన్ని తవ్వితే తేలిందేంటంటే, అది కొత్తరాతియుగం నాటి పశువుల దొడ్డి! చుట్టూ కర్రల కంచె, లోపల పేరుకున్న పేడని మళ్ళీ మళ్ళీ తగలబెట్టగా మిగిలిన బూడిద, ఆ పొరల్లో పశువుల గిట్టల గుర్తులు. క్రీస్తుపూర్వం మూడో సహస్రాబ్దికే ఇక్కడివాళ్ళు పశువుల్ని కాచుకుని బతికారన్నమాట.

ఇన్ని వేల ఏళ్ళ అలవాటుంటే పాలు ఇట్టే అరిగిపోవాలి కదా? అబ్బే! మన దక్షిణాదివాళ్ళలో చాలామందికి పెద్దయ్యాక పాలు సరిగ్గా అరగవు.

కారణం సింపుల్. పాలల్లో ఉండే చక్కెర పేరు లాక్టోజ్. దాన్ని గ్లూకోజ్, గెలాక్టోజ్ అని రెండు ముక్కలు చేస్తేగానీ రక్తంలోకి పోదు. ఆ పని చేసే ఎంజైమ్ లాక్టేజ్ చిన్నపేగు గోడల మీద ఉంటుంది. చిన్నప్పుడు నిండుగా ఉండి, తల్లిపాలు మానే వయసు నుంచీ చాలామందిలో తగ్గిపోతుంది. అప్పుడు ముక్కలవ్వని లాక్టోజ్ పేగులోకి నీటిని లాగుతుంది. పెద్దపేగులోకి చేరాక అక్కడి బాక్టీరియా దాన్ని పులియబెట్టి గ్యాసులు, ఆమ్లాలు తయారుచేస్తుంది. కడుపు ఉబ్బరం, గుడగుడ, ఆపైన నీళ్ళ విరేచనాలు.

విచిత్రమేంటంటే, 1960ల దాకా పాశ్చాత్య వైద్యులు పెద్దలందరికీ పాలు అరగడమే మామూలనుకున్నారు. 1965, 66ల్లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌వాళ్ళు పరీక్షిస్తే నల్లజాతివాళ్ళలో ఎక్కువమందికి లాక్టేజ్ తక్కువని తేలింది. 1972లో మన హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ నుంచి వినోదిని రెడ్డి, జితేందర్ పెర్షాద్ భారతీయుల మీద పరిశోధనా పత్రం వేశారు. 1981లో వచ్చిన ఇంకో అధ్యయనంలో లాక్టోజ్ పడనివాళ్ళు ఉత్తరాదిలో 27.4 శాతం, దక్షిణాదిలో 66.6 శాతం. ప్రపంచం మొత్తమ్మీద చూసినా పెద్దల్లో మూడింట రెండొంతుల మంది ఇంతే. మన భాషలో చెప్పాలంటే ఇది బగ్గు కాదు, డీఫాల్ట్ సెట్టింగు.

పెద్దయ్యాక కూడా లాక్టేజ్‌ని ఆపకుండా నడిపే జన్యుమార్పుని 2002లో ఫిన్లాండ్‌వాళ్ళు పట్టుకున్నారు. 2012లో మన సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా ఉన్న బృందం చూస్తే, యూరప్‌లో ఉన్న మార్పే మన దేశంలోనూ ఉంది, కానీ వాయవ్యాన ఎక్కువ, ఇటు వచ్చేకొద్దీ తక్కువ.

మరి మనవాళ్ళు ఏం చేశారు? నా లెక్కలో, జన్యువు చెయ్యాల్సిన పనిని కుండ చేసింది. పాలకి తోడు వేస్తే బాక్టీరియా కొంత లాక్టోజ్‌ని ముందే తినేస్తుంది, మిగిలినదాన్ని అరిగించే ఎంజైమ్‌ని కూడా మోసుకొస్తుంది. చిలికి నీళ్ళు కలిపితే గ్లాసులో లాక్టోజ్ ఇంకా పలచబడుతుంది. నెయ్యిలో దాదాపు ఉండదు. మన ఎండల్లో పాలు ఎలాగూ నిలవవు, కాబట్టి పచ్చిపాలు అరిగించుకోగల పేగు ఉన్నంత మాత్రాన ఇక్కడ పెద్దగా ఒరిగేదేం లేదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆఫీసు కెఫెటేరియాలో పెద్ద లాటే తాగి, మీటింగ్ మధ్యలో పరిగెత్తి, నాకేదో రోగం ఉందని గాభరాపడేవాళ్ళు చాలామంది. ఇంకొందరు పెరుగుతో సహా అన్నీ మానేసి కాల్షియం పోగొట్టుకుంటారు. చాలామందికి ఒక కప్పు పాలు, అదీ భోజనంతో పాటు, ఇబ్బంది పెట్టదు. విరేచనాల్లో రక్తం, జ్వరం, బరువు తగ్గడం ఉంటే మాత్రం అది వేరే కథ, డాక్టర్ దగ్గరకి వెళ్ళాల్సిందే.

అన్నిటికంటే ముఖ్యం పసిపిల్లల సంగతి. విరేచనాలు పట్టుకున్నాక పేగు గోడ దెబ్బతిని లాక్టేజ్ కొన్నాళ్ళు తగ్గొచ్చు. అది చూసి "పాలు పడట్లేదు" అని తల్లిపాలు ఆపేస్తుంటారు. ఆపకూడదు. తల్లిపాలు ఇస్తూనే ఓఆర్ఎస్ పట్టించాలి.

పెద్దవాళ్ళకంటారా, సల్ల ఉండనే ఉంది.