వజ్రముల నేలనుండి లింబాయతుకు

సూరతు నగరమున రైలుకట్టకు తూర్పుగా లింబాయత్ అను పేట కలదు. బదిలీపై క్రొత్తగా ఆ నగరమునకు వచ్చిన తెలుగు ఉద్యోగి కుటుంబము ఏదో పనిమీద ఒకనాడు ఆ కట్ట దాటి పోయినచో, అచ్చటి సందులలో కూరగాయల బేరములును, పిల్లల కేకలును, గుమ్మముల ముందరి ముచ్చటలును తెలుగుననే వినవచ్చి ఆశ్చర్యము గొలుపును. అది కృష్ణా గోదావరి జిల్లాల తెలుగు కాదు. కరీంనగరము, ఓరుగల్లు, నల్లగొండ ప్రాంతముల తెలుగు. మాటాడువారిలో పెక్కురు పద్మశాలీలు. తాతలనాడు గుంటమగ్గముపై నూలుచీర నేసిన కుటుంబములవారు నేడు ఇచ్చట మరమగ్గముల చప్పుడు నడుమ పాలిస్టరు గుడ్డ నేయుచున్నారు.

వీరు విడిచివచ్చిన నేల ఎట్టిది? ప్రత్తి విరివిగా పండు నేల. గోదావరి పారు నేల; ఆ నదీలోయలో బొగ్గు పొరలు పొరలుగా నున్నది. గోలకొండ రాజ్యమని ఒకప్పుడు పిలువబడిన ఆ సీమకే చెందిన కృష్ణాతీరమున లోకమునకంతటికిని వజ్రములు దొరకినవి. మరి వీరు వచ్చి చేరిన సూరతు నేడు దేనిపై నిలిచియున్నది? కృత్రిమపు పట్టుపైనను, సానబట్టిన వజ్రముపైనను. పట్టుపురుగు సూరతున పెరుగదు. వజ్రపు గని సూరతు చుట్టుపట్ల ఎచ్చటను లేదు. గనిగల సీమ కూలివానిని పంపుటయు, గనిలేని నగరము వానికి పని చూపుటయు ఎట్లు సంభవించినది?

వెనుకబడిన ప్రాంతముల ప్రసక్తి వచ్చినప్పుడెల్ల, అచ్చటి జనము సోమరులను మాట కొందరి నోట సులభముగా వెలువడును. లింబాయతున ఆ మాట నిలువదు. పూటకు 12 గంటలు నిలువుకాళ్ళపై నుండి, ఒక్క మనిషి పెక్కు మగ్గములను చూచుకొనుచు మీటరు లెక్కన కూలి తీసికొనుచున్న వారిని సోమరులనుట ఎట్లు? చేతులవే, నేత విద్యయు అదే. మారినది చోటు మాత్రమే. కనుక కారణమును మనుష్యుల స్వభావమున గాక చరిత్రయందు వెదకవలసియున్నది.

ఆ చరిత్ర 17వ శతాబ్దమున మొదలిడుట మంచిది. ఏలయన నాడు తెలుగు తీరమున మచిలీపట్నమును, పడమటి తీరమున సూరతును ఇంచుమించు సరితూగు రేవులు. ఇంగ్లీషు కంపెనీ ఓడ 1608లో సూరతును, 1611లో మచిలీపట్నమును చేరినది. విలియం మెథ్‌వోల్డు అను వర్తకుడు ఈ రెండు చోట్లను కొలువు చేసినవాడు. 1618 మొదలు 1622 వరకు మచిలీపట్నమున నుండి, 1633లో సూరతు కంపెనీ కొలువునకు అధ్యక్షుడై వచ్చెను. మచిలీపట్నమున నున్న కాలముననే అతడు కృష్ణాతీరపు వజ్రపు గనిని చూడబోయి, అచ్చట 30,000 మంది పనిచేయుచున్నారని వ్రాసెను. పిమ్మట కొన్ని దశాబ్దములకు వచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే కొల్లూరు గనియందు 60,000 మందిని లెక్కగట్టెను. పురుషులు త్రవ్వగా స్త్రీలును పిల్లలును మన్ను మోసెడివారు. ఇంకొక గనిని గూర్చి వ్రాయుచు టావెర్నియే, పనియందు ఆరితేరిన వానికిని ఏడాదికి 3 వరహాలకు మించి రాదనెను. కోహినూరు పుట్టినదని చెప్పబడు కొల్లూరు నేడు పులిచింతల జలాశయపు ముంపులో నున్నది.

ఇంతకంటె విలువైన సాక్ష్యము 1677లో లండనులోని రాయల్ సొసైటీవారి పత్రికయందు వెలువడిన గనుల వర్ణనలో కలదు. ఆ వర్ణన ప్రకారము గనులవద్ద వజ్రములు కొను వర్తకులు గుజరాతు వణిజులు. వారు కొన్ని తరములుగా స్వదేశము విడిచి ఆ గనులవద్దనే స్థిరపడి, సూరతు, గోవా, ఆగ్రా, ఢిల్లీలలోని తమవారితో ఉత్తర ప్రత్యుత్తరములు జరుపుచు ఆ వ్యాపారమునంతటిని తమ చేతిలోనికి తెచ్చుకొనిరి. గనులు త్రవ్వువారి సంగతియు అందే కలదు. గోచి గుడ్డయు తలపాగాయు దప్ప వేరు వస్త్రము ధరించుటకు వారు జంకెడివారట. మంచి అంగరఖా తొడిగినచో, వీడు బాగుపడినాడని అధికారి పన్ను పెంచునను భయము! వర్తకులకును ఆ భయము తప్పలేదు. సంపాదించినవాడు సంపాదన దాచుకొనవలసిన చోట ఎవ్వడు మాత్రము ఆ సొమ్మును అచ్చటనే పనిముట్టుగానో, పాఠశాలగానో, క్రొత్త వృత్తిగానో మార్చగలడు? వజ్రము రాజుగారి బొక్కసమునకో సూరతు దారినో పోయినది; 3 వరహాల కూలి మాత్రము గనివద్ద మిగిలినది.

ఆనాటి సూరతు నిష్కంటకముగా నుండెనని తలపరాదు. శివాజీ 1664లోను 1670లోను దానిని కొల్లగొట్టెను. 1687లో కంపెనీవారు తమ పడమటి ప్రధాన స్థానమును బొంబాయికి తరలించిరి. ఆ 1687లోనే గోలకొండ ఔరంగజేబు వశమైనది. రెండు రేవులకును గ్రహణము ఒక్క ఏడాదిలోనే పట్టినదనవచ్చును. పిమ్మట 1837లో సూరతు అగ్నిప్రమాదమున వేలకొలది ఇండ్లను కోల్పోయినది. మచిలీపట్నము 1864 నాటి ఉప్పెనలో సుమారు 30,000 ప్రాణములను కోల్పోయినది. అయినను సూరతు మరల లేచినది, బందరు లేవలేదు. హుండీ వ్రాసి ఊరూర సొమ్ము అందించు షరాబులు, జరీ పనివారు, దూరదేశములలో బంధువులు గల వర్తక కుటుంబములు సూరతున మిగిలియుండుటయే ఇందులకు ముఖ్యకారణముగా కనబడుచున్నది. రేవు పోయినను వర్తకపు తెలివియు పరపతియు పోలేదు. 20వ శతాబ్దమున ఆఫ్రికా వజ్రములు లండను, ఆంట్వెర్పుల మీదుగా సానకు వచ్చినప్పుడు, సౌరాష్ట్రమునుండి వచ్చిన పటేలుల చేతులును పాలనపూరు జైన వర్తకుల పెట్టుబడియు కలిసి, సానబట్టువారిలో సూరతును ప్రపంచమున మొదటి స్థానమునకు తెచ్చినవి.

గోలకొండ సీమ మాటకు మరల వత్తము. 1871లో భూగర్భ పరిశోధన శాఖకు చెందిన విలియం కింగు ఇల్లెందు ప్రాంతమున బొగ్గు కనుగొనెను. నిజాము రాజ్యమునకు ఇది గొప్ప అవకాశము. కాని జరిగినదేమి? 1886లో రాజ్యమందలి గనుల త్రవ్వకపు హక్కును లండనులో స్థాపింపబడిన ఒక కంపెనీకి అప్పగించిరి. హక్కు సంపాదించిన దొరలు వాటాలలో అత్యధిక భాగమును తమకే కేటాయించుకొని, వాటిని విపణిలో అమ్మి లాభపడజొచ్చిరి. ఆ వాటాలనే హైదరాబాదు ప్రభుత్వము పక్షమున అధిక ధరకు కొనిపించినవాడు ఆ రాజ్యపు ఉద్యోగియైన అబ్దుల్ హక్! ఈ భాగోతముపై 1888లో బ్రిటిషు పార్లమెంటు ఒక విచారణ సంఘమునే వేయవలసి వచ్చెను. బొగ్గు త్రవ్వకము ఇల్లెందున 1889లో గాని మొదలు కాలేదు. అనగా ఒక్క బండి బొగ్గు కదలకముందే ఆ బొగ్గుపై లాభము లండనులో చేతులు మారినది. 1920లో సింగరేణి కంపెనీయై, 1945లో రాజ్యపు అధీనమునకు వచ్చువరకు ఆ గనుల యజమాన్యము పరాయిదే.

అయితే నెపమంతయు పరాయివారిపై నెట్టుట న్యాయము కాదు. నిజాము రాజ్యమున దాదాపు మూడవ వంతు భూమి జాగీరుల క్రింద నుండెను. మరియొక పదవ వంతు సర్ఫెఖాస్ పేర నిజాము సొంత ఖర్చునకు పోయెను. ఊరి నేతవాడు, కుమ్మరి, చాకలి దేశముఖునకు వెట్టి చేయవలసినదే. 1937లో అమెరికా పత్రిక యొకటి ఏడవ నిజామును లోకములోకెల్ల ధనవంతుడని ముఖపత్రముపై ప్రకటించినది. ఆయన తండ్రి 1891లో కొన్న జేకబు వజ్రము దక్షిణాఫ్రికాలో దొరకినది! గోలకొండ ప్రభువునకు వజ్రము కావలసి సముద్రము దాటి తెప్పించుకొనవలసి వచ్చినదన్నమాట.

చదువు విషయము గూడ గమనింపదగినది. సూరతు పొరుగుననున్న నవసారి ప్రాంతము నాడు బరోడా రాజ్యములోనిది. ఆ రాజ్యమున సయాజీరావు గాయక్వాడు 1906లోనే ప్రాథమిక విద్యను నిర్బంధము గావించెను. అదియును సంస్థానమే, ఇదియును సంస్థానమే. హైదరాబాదున 1918లో విశ్వవిద్యాలయము వెలసినది. కాని బోధన ఉర్దూలో, పల్లె పలుకు తెలుగు. కార్ఖానా లెక్క వ్రాయుటకుగాని, బ్యాంకులో అప్పు అడుగుటకుగాని తగిన చదువు నేతవాని కుమారునకు మూడు తరములు ఆలస్యముగా అందినది.

ఓరుగల్లు తివాచీలు 1851 నాటి లండను ప్రదర్శనలో మన్నన పొందినవి. అట్టి పనితనము గల చోట 1934లో ఆజం జాహీ మిల్లు వెలసి వేలమందికి అన్నము పెట్టినది. తరువాత అదియును మూతపడినది. మిల్లుగుడ్డతో పోటీపడలేని చేనేతవారు 19వ శతాబ్దము నాటినుండియే షోలాపురము దారి పట్టియుండిరి; పిమ్మట భివండీ, ఆపై సూరతు. ప్రత్తి మాత్రము నేటికిని పండుచునే యున్నది. ఓరుగల్లు ఏనుమాముల అంగడి ప్రత్తితో తెల్లనగును. అందు పెక్కు భాగము గింజ తీసి బేళ్ళుగా కట్టుటతో ఆ ఊరి పని తీరినట్లే. నూలు వడకుట, గుడ్డ నేయుట, రంగు వేయుట, కుట్టుట ఇతర రాష్ట్రముల పాలగుచున్నవి. గింజ తీయుటలో వచ్చు కూలి ఎంత, చీర అమ్ముటలో వచ్చు లాభమెంత? 1997-98లో ఆ జిల్లా ప్రత్తి రైతులును, ఆ కాలముననే సిరిసిల్ల నేతవారును అప్పులపాలై ప్రాణములు తీసికొన్న వార్తలు దేశమంతట వినబడినవి. ప్రత్తి పండించినవాడును, గుడ్డ నేసినవాడును ఇద్దరును మునిగిరి.

ఇది ఒక్క తెలుగు సీమ కథయే కాదు. దక్షిణ అమెరికాలోని పొటోసీ కొండయందు 1545లో వెండి బయటపడగా, దానితో స్పెయిను రాజులు యుద్ధములు నడపిరి. వెట్టికి తోలబడిన ఆ కొండజాతులు నేటి బొలీవియాలో బీదలుగనే మిగిలిరి. మన దేశమున ఈ సొమ్ము పారుదలను మొదట లెక్కగట్టి చూపిన దాదాభాయి నౌరోజీ కుటుంబము సూరతుకు దక్షిణముననున్న నవసారిది. ఆయన దృష్టి దేశమునుండి ఇంగ్లాండుకు పోవుదానిపై నిలిచినది. పల్లెనుండి పట్టణమునకు, ఒక సీమనుండి మరియొక సీమకు పోవుదానిని ఆ పద్ధతిని లెక్కించిన కార్యము ఇంకను కొరతగనే యున్నది.

సూరతు సంపద సూరతులోనైన అందరికిని చేరుచున్నదా? రింగురోడ్డు వెంబడి బట్టల అంగళ్ళ మేడలు లేచినవి. రైలుకట్టకు ఇవతల లింబాయతున, మిఠీ ఖాడీ పొంగిన వానాకాలములలో ఇండ్లలోనికి నీరు వచ్చుచున్నది. 1994లో ప్లేగు భయమున లక్షలాది జనము నగరమును విడిచిపోయినప్పుడు, వలసకూలీలు లేనిదే మగ్గము కదలదని యజమానులకు బోధపడినది. మరుసటి ఏడు నగరపాలక కమిషనరుగా వచ్చిన ఎస్. ఆర్. రావు రెండేండ్లలో ఆ నగరమును దేశపు పరిశుభ్ర నగరముల వరుసకు తెచ్చెను. వీధి బాగుపడుటకు బంగారు గని అక్కరలేకపోయినది. కాని మీటరు కూలి నిర్ణయము మాత్రము మగ్గము యజమాని చేతిలోను, గుడ్డ ధర నిర్ణయము అంగడి వర్తకుని చేతిలోను నిలిచియున్నవి.

లింబాయత్ ఇండ్లలో మధ్యాహ్నవేళ స్త్రీలు అంగళ్ళనుండి వచ్చిన చీరలను ఒడిలో పరచుకొని, దారపు కొసలు కత్తిరించుచు, అంచులకు మెరుపు రాళ్ళు జిగురుతో అంటించుచు కూర్చుందురు. కూలి చీర లెక్కన. ఒక్కొక్క చీరకు వచ్చునది కొద్ది రూపాయలే. ఆ మెరుపు రాళ్ళకు ఆ వ్యాపారమున డైమండ్లని పేరు.

తిరిగి పోవువారును లేకపోలేదు. సూరతు, భివండీలనుండి మరలివచ్చిన నేతవారు ఓరుగల్లు చెంత మడికొండలో సహకార సంఘముగా కూడి మరమగ్గములు పెట్టుకొనిరి. 2017 అక్టోబరులో గీసుగొండ దాపున పెద్ద వస్త్ర పరిశ్రమల పార్కునకు శంకుస్థాపన జరిగినప్పుడు, సూరతు వలసవారిని స్వస్థలమునకు రప్పించుట దాని ఉద్దేశములలో నొకటిగా ప్రకటింపబడినది. అయితే చిరకాలముగా ఆ సీమ మరమగ్గములకు పాలిస్టరు నూలు రావలసినది పడమటి రాష్ట్రములనుండియే. మగ్గము ఊరికి చేరినను నూలుధర ఊరిలో నిర్ణయము కాకున్నచో, తిరిగి వచ్చినవాని స్థితి లింబాయతు నాటి స్థితికంటె ఎంత మెరుగగునని నేతవారు లెక్క వేసికొనుచున్నారు.

ఆ లెక్క తెగనివారు లింబాయతుననే ఉండిరి. సూరతు నగరపాలక సంస్థ నడపు పాఠశాలలలో తెలుగు మాధ్యమము గూడ కలదు. వాటిలో చదువుకొన్న పిల్లలు నేడు గుజరాతీయు హిందీయు ధారాళముగా మాటాడుచు, ఇంట తెలుగు పలుకుచున్నారు. పండుగకు నవజీవన్ రైలెక్కి తాతగారి ఊరు పోయి వచ్చునప్పుడు, మంచిర్యాల దాపున కిటికీ ప్రక్కగా నిండు బొగ్గు వ్యాగనులు వరుసగా నిలిచియుండుట వారికి కనబడుచునే యుండును.