బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఆంధ్రుల పెరటితోట

ఉగాదినాడు వేపపూవు కొఱకు, మామిడిపిందె కొఱకు వెదకని తెలుగిల్లు ఉండదు. వసంతము వచ్చిన జాడను తెలుగు గృహిణి పెరటిలోనే ముందుగా పసిగట్టును. గాని ఛత్తీస్‌గఢ్ మైదానమున, అర్పానది యొడ్డునగల బిలాస్‌పూర్‌లో ఆ ఋతువునకు ఆయుర్దాయము తక్కువ. ఫాల్గుణ మాసమున హాయిగొలిపిన గాలి వైశాఖము నాటికి వడగాలియై వీచును. ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి, కొన్ని దినములలో 45 డిగ్రీలను సమీపించును. ఇంత కొద్ది వ్యవధిలో కాయగూరలు పండింపవలెనన్న ముందుచూపు కావలయును. ఇచ్చటి రైల్వే క్వార్టర్లలో నివసించిన ఆంధ్ర కుటుంబములు ఆ ముందుచూపును ఎట్లు అలవరచుకొనెనో తెలిసికొన్నచో, ఆ కుటుంబముల వలసచరిత్రయు కొంత తెలియగలదు.

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ, నాగపూర్ నుండి రాజ్‌నంద్‌గావ్ వరకు అప్పటికే యుండిన మీటరుగేజి మార్గమును తీసికొని, బ్రాడ్‌గేజిగా మార్చి, తూర్పునకు పొడిగించెను. 1891 నాటికి ఆ మార్గము బిలాస్‌పూర్ మీదుగా అసన్‌సోల్ వరకు సాగెను. ఇంకొక శాఖ కట్నీ వైపు మరలెను. కూడలియైన తావున ఇంజనుషెడ్డు, యార్డు, కార్యాలయములు, వాటి వెంట ఉద్యోగుల నివాసములు వెలసినవి. తూర్పుతీరమున 1893 మొదలు 1896 వరకు తెఱువబడిన మార్గములో ఉత్తరభాగము 1902లో ఇదే కంపెనీకి సంక్రమించెను. నాటి గంజాము, విశాఖపట్టణ మండలముల తెలుగువారికి ఆ కంపెనీ కొలువు అందుబాటులోనికి వచ్చినది ఆ విధముననే. 1931లో పార్వతీపురము నుండి రాయపూర్ వరకు కొండలనడుమ మార్గము పూర్తి యగుటతో విజయనగరమునకును ఛత్తీస్‌గఢ్‌కును దగ్గరదారి ఏర్పడెను. కంపెనీ 1944లో ప్రభుత్వపరమై, 1955లో ఆగ్నేయ రైల్వేలో భాగమయ్యెను. 2003లో బిలాస్‌పూర్ స్వయముగా ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రమయ్యెను. యాజమాన్యములు మారినను తెలుగు కుటుంబముల రాక ఆగలేదు.

ఆ వచ్చినవారిలో పెక్కుమంది సేద్యము తెలిసిన కుటుంబములవారు. జీతము చేతికి వచ్చినది గాని నేల చేజారినది. క్వార్టరు వెనుక గోడల నడుమనున్న కొలది గజముల చోటే వారికి పొలమాయెను. దాని అవసరమును గూడ రైలే కల్పించెనని చెప్పవచ్చును. 1896–97లోను, 1899–1900లోను మధ్యపరగణాలను క్షామము పీడించినప్పుడు రైలుబండ్లు దూరదేశముల ధాన్యమును మోసికొని వచ్చెను. బియ్యము, పప్పు, ఉప్పు, చింతపండు ఎంత దూరమైనను పెట్టెలలో ప్రయాణము చేయగలవు. తోటకూర కట్ట చేయలేదు. కోసిన పూటనే వాడిపోవును. కావున సమస్తమును తెచ్చిపెట్టు రైలు, లేత ఆకుకూరను మాత్రము ఇంటివారికే వదలివేసెను. రైల్వే ప్రాంతమునందలి బుధవారీ బజారు వంటి సంతలు ఆ కొఱతను కొంత తీర్చినను, తమ నాలుకకు అలవాటైన కూర దొరకవలెనన్న పెరడే దిక్కు.

ఇచ్చటి నేలను ఎఱిగినవారు స్థానికులే. ఛత్తీస్‌గఢ్ రైతు నేలను నాలుగు పేర్లతో పిలుచును. నీటిని పట్టియుంచు నల్లనేల కన్హార్, పసుపుఛాయ గల నేల మటాసీ, రెండును కలిసినది డోర్సా, ఎఱ్ఱని కంకర నేల భాటా. ఇంటినానుకొనియున్న కూరతోటను అతడు ‘బాడీ’ యనును. 2019 ప్రాంతమున రాష్ట్రప్రభుత్వము గ్రామాభివృద్ధికి ఎన్నుకొన్న నినాదములో వాగు, పశువు, ఎరువుగుంట అనువాటి సరసన ఈ బాడీ కూడ చేరుట, ఆ మాటకు పల్లెలలోనున్న గౌరవమును తెలుపుచున్నది. శ్రీకాకుళపు పెరడును ఛత్తీస్‌గఢ్ బాడీయు అక్కచెల్లెండ్ర వంటివి. పొరుగింటివారు ‘అమారీ భాజీ’ యని వండునది గోంగూర జాతి పుల్లకూరయే. వారి ‘కోచయీ’ చామదుంప; వారి ‘ముంగా’ మునగ. ‘పోయీ భాజీ’ బచ్చలికూర. వంకాయ ‘భాంటా’, టమాటా ‘పతాల్’, బెండకాయ ‘రమకెలియా’ అను పేర్లు క్రొత్తగా నేర్వవలసివచ్చినను, మొక్కలు మాత్రము పాతచుట్టములే. భాష రాని క్రొత్తకోడలికి ఇరుగుపొరుగుతో తొలి మాటలు కలుపుటకు గోడమీదుగా చేయి మారిన పిడికెడు విత్తనముల కంటె మంచి సాధన మేమున్నది?

ఆ మాటకు వచ్చినచో కూరగాయలన్నియు వలసవచ్చినవే. వంగ భరతఖండపుదే యైనను, మిరప, టమాటా, బంగాళాదుంప అమెరికా ఖండములనుండి పాశ్చాత్యుల నావలలో వచ్చినవి. 1498లో వాస్కోడిగామా కాలికట్టు చేరకముందు తెలుగువంటలో కారమునకు మిరియమే ఆధారము. బంగాళాదుంప తన పేరులోనే తాను వచ్చిన త్రోవను దాచుకొన్నది. బెండ, గోంగూరల పూర్వస్థానము ఆఫ్రికాయని శాస్త్రజ్ఞుల యభిప్రాయము. పరదేశపు మొక్క పెరటి నీరు త్రాగి, రెండు మూడు తరములలో ఇంటిమొక్క యగును. వలసవచ్చిన మనుష్యులకును ఆ న్యాయమే వర్తించును.

పెరటితోట ఇంటిపని మాత్రమే గాక దేశకార్యముగా పరిగణింపబడిన కాలములును కలవు. 1939లో యుద్ధ మారంభమైన కొలది వారములకే ఇంగ్లండు ప్రభుత్వము పూదోటలను త్రవ్వి కూరలు పండింపుడని ప్రజలను కోరెను. రైలుపట్టాల ప్రక్క చీలికనేలలను సాగుచేయు అలవాటు అచ్చటి రైల్వే కార్మికులకు అంతకుముందే యున్నది. భారతదేశమున 1942లో బర్మా శత్రువుల వశమై, అచ్చటి బియ్యము నిలిచిపోగా ‘అధికాహారోత్పత్తి’ ఉద్యమము మొదలయ్యెను. 1943లో వంగదేశమున సంభవించిన ఘోరక్షామము దాని యవశ్యకతను కన్నీటితో రుజువుచేసెను. రైల్వేల ఖాళీస్థలములను సాగునకు లైసెన్సుపై ఇచ్చు పద్ధతి ఈ ఉద్యమము పేరుతోనే నెలకొని, ఉద్యమము చరిత్రలో కలిసిన పిమ్మటను రైల్వే నిబంధనలలో ఆ పేరును నిలిపినది. 1965లో ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి వారమునకొక పూట భోజనము మానుడని దేశమును కోరి, తన అధికార నివాసపు ఆవరణలోనే పైరు వేయించెను. ఆహారములో ఆకుకూరల విలువను పరిశోధించి తెలిపిన కూనూరు పోషకాహార పరిశోధనాలయము 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యయ్యెను.

ఇక తోట ప్రణాళిక మాట. వసంతపు తోట వసంతమున మొదలు కాదు, కార్తీకముననే మొదలగును. ఇండోరులో 1924లో నెలకొన్న వృక్షపరిశోధన సంస్థలో ఆల్బర్ట్ హోవర్డు రూపొందించిన ఎరువు పద్ధతి 1931లో గ్రంథరూపమున వెలువడినది. ఆకులు, చెత్త, పేడ, మన్ను, కట్టెల బూడిద పొరలుపొరలుగా వేసి, తడిపి, నడుమ తిరుగవేసినచో దాదాపు మూడు నెలలలో ఎరువు సిద్ధమగునని ఆయన నిరూపించెను. పల్లెటూరి పెంటకుప్ప పరమార్థమునే ఆయన శాస్త్రీయముగా చక్కదిద్దెననవచ్చును. దీపావళి వెళ్లిన వెంటనే గుంట నింపినవారికి మాఘమునకు ఎరువు చేతికందును. రైల్వే యిండ్లలో ఇచ్చట నొక మెలకువ అవసరమయ్యెను. కుంపటిలో కాల్చునది రాతిబొగ్గు. కట్టెల బూడిదలో మొక్కకు ఉపకరించు పొటాషు కలదు. రాతిబొగ్గు బూడిదకు ఆ గుణము లేకపోగా, దానిలో హానికర పదార్థములును ఉండవచ్చును. రెండును బూడిదలేయని పాదులలో పోసినచో నష్టమే.

మాఘ బహుళము నుండి ఫాల్గుణము వరకు తీగజాతులకు పాదులు తీయవలెను. మూరెడు లోతు గుంటలో సగము ఎరువు, సగము మన్ను నింపి, రాత్రి నానిన ఆనప, బీర, కాకర, దోస గింజలను పాదునకు నాలుగైదు చొప్పున నాటి, మొలచిన పిదప బలమైన రెండింటిని ఉంచి తక్కినవి తీసివేయవలెను. పందిరికి చోటును ఎన్నుకొనుటలోనే తోట నేర్పు తెలియును. పందిరి పడమటనున్నచో అపరాహ్ణపు నీడ తూర్పునగల ఆకుకూరల మడిపై పడి, ఎండ తాకిడిని తగ్గించును. తోటకూర నాలుగు వారములలో కోతకు వచ్చును గనుక ఒక్కసారిగా చల్లక, పదునైదు దినముల కొక మడి చొప్పున చల్లినచో ఇంటికి ఎడతెగక కూర యుండును. బెండ ఏడు వారముల లోపుననే కాయుట మొదలిడును. గోరుచిక్కుడు ఎండకు బెదరదు. వంటింటి నీరు పారు కాలువ వెంట అరటి, చామ నాటుట పాతకాలపు పొదుపు. బియ్యము కడిగిన నీరు కరివేపకు పోయుట అంతకన్న పాతది. మొదళ్ల చుట్టు ఎండుటాకులు పరచి, ప్రొద్దునగాని సాయంత్రముగాని నీరు పోసినచో వేసవిలో చెంబెడు నీరు బిందెడు పని చేయును.

పూత నిండుగానుండియు పిందె నిలువలేదని చింతించువారు కలరు. తీగజాతులలో మగపూవు వేరు, ఆడపూవు వేరు. ఆడపూవు క్రింద చిన్న పిందె ఆకారము కనబడును. బీరపూవు సాయంకాలమున విచ్చును; ఆనపపూవును ప్రొద్దుగ్రుంకువేళకే తెల్లగా విప్పారును. కీటకములు రానిచోట, ఆ వేళకు ఒక మగపూవు కోసి ఆడపూవునకు మృదువుగా తాకించినచో పిందె నిలుచును. డ్యూటీపై పోయిన గార్డులు, డ్రైవర్లు ఇల్లు చేరు వేళకు నియమము లేదు. పూలు విచ్చు వేళకు నియమము కలదు. కావున ఈ తోటలను నిలిపినవారు ప్రధానముగా స్త్రీలు. రైల్వే చరిత్రగ్రంథములు ఇంజనులను, వంతెనలను లెక్కించినట్లు వారి శ్రమను లెక్కింపలేదు.

ఈ తోటలకు ఒక బాధయు కలదు. క్వార్టరు ఉద్యోగిదికాదు, బదిలీ ఉత్తర్వు పిందె ముదురువఱకు ఆగదు. మాఘమున గింజ నాటినవారు వైశాఖమున కాయ కోయుదురన్న నమ్మకము లేదు. అయినను నాటినారు. మునగకొమ్మ, కరివేప, నిమ్మ తరువాత వచ్చువారి కొఱకే మిగులునని తెలిసియు నాటినారు. వారును అట్లే వేరొకరు నాటిన చెట్టు కాయలు తిన్నవారే గదా! 1995తో బ్రాడ్‌గేజిపై ఆవిరియంత్రముల శకము ముగిసినది. దేశములోని పెక్కు రైల్వే కాలనీలలో పాత క్వార్టర్ల స్థానమున అంతస్తుల భవనములు లేచుచున్నవి. వాటిలో వసతులు హెచ్చు, పెరడు లేదు. నేలతోపాటు విత్తనము దాచు అలవాటును, ఏ పూవు ఏ వేళ విచ్చునను ఎఱుకయు పోవునేమో యన్నదే ఆలోచింపదగిన విషయము.

అయితే అది అనివార్యమేమియు కాదు. ఎండ పడు వసారా, పాత బకెట్టు నిండ మట్టి యున్నచో తోటకూర, గోంగూర, బచ్చలి పెరుగును. ముదిరిన బెండకాయను ఒకదానిని గింజకు విడిచి, ఆ గింజను పిల్లవాని చేత నాటించుట ఏ అంతస్తునందైనను సాధ్యమే. కంపెనీ కొలువునకు వచ్చిన తొలితరమువారికి దక్కినదియు కొలది గజముల పరుల నేలయే. దానిలో పండించిన కూరను వారు ఇరుగుపొరుగునకు పంచి ఈ ఊరిని తమ యూరుగా చేసికొనిరి.