జాకీ కూగన్: బాలనటుడి శ్రమ, సంపాదన, చట్టం

జాకీ కూగన్ పేరు రెండు రకాల గ్రంథాల్లో కనిపిస్తుంది. సినిమా చరిత్రలు అతన్ని చార్లీ చాప్లిన్ తీసిన ‘ది కిడ్’ (1921)లోని అనాథ బాలుడిగా గుర్తుచేస్తాయి. న్యాయశాస్త్ర గ్రంథాలు 1939 నాటి ‘కూగన్ చట్టం’ దగ్గర ప్రస్తావిస్తాయి. ఈ రెంటినీ విడివిడిగా చదవడం వల్ల అతని జీవితం ‘కొడుకు సొమ్ము తినేసిన తల్లి’ కథగా కుదించుకుపోయింది. బిడ్డ శ్రమ మీద పెద్దలదే హక్కు అన్న భావన న్యాయస్థానం కంటే ముందే స్టూడియోలో వేళ్ళూనుకుందని, అతని నటనను దగ్గరగా చూస్తే అది తెలుస్తుందని ఈ వ్యాసం వాదన.

కూగన్ 1914 అక్టోబరు 26న లాస్ ఏంజెలెస్‌లో పుట్టాడు. తల్లిదండ్రులిద్దరూ వాడవిల్ రంగస్థల కళాకారులు. లాస్ ఏంజెలెస్ వేదిక మీద ఈ పిల్లవాణ్ణి చూసిన చాప్లిన్ ముందు ‘ఎ డేస్ ప్లెజర్’ (1919)లో చిన్న వేషం ఇచ్చి, ఆ తర్వాత ‘ది కిడ్’కు తీసుకున్నాడు. ఎదుటివారి కదలికను చూసిన వెంటనే అచ్చంగా చేసి చూపగల నేర్పు ఆ పసివాడికి ఉంది. చాప్లిన్‌కు కావలసిందీ అదే. ఆయన నటించి చూపేవాడు, పిల్లవాడు పట్టుకునేవాడు. భుజం ఎగరేయడంలో, నడకలో తెర మీద ఇద్దరూ తండ్రీకొడుకుల్లా అనిపించడానికి ఇదే కారణం.

ఆ చిత్రంలో పిల్లవాడు ముద్దుమాటలకు పరిమితమైన పాత్ర కాదు. ఇంటికి సంపాదించి పెట్టే భాగస్వామి. అతను రాయి విసిరి కిటికీ అద్దాలు పగలగొడతాడు, వెనకే చాప్లిన్ అద్దాలు బిగించేవాడిగా వచ్చి డబ్బు తీసుకుంటాడు. పొద్దున్నే అట్లు పోసి, పక్క మీద నుంచి లేవని పెద్దాయన్ను తిండికి పిలిచేదీ ఆ పిల్లవాడే. పిల్లవాడి శ్రమ మీద నడిచే ఆ ఇంటిని చూసి ప్రేక్షకులు నవ్వుకున్నారు. అదే సమయంలో తెర బయట కూడా ఒక కుటుంబం అలాగే నడవడం మొదలైంది.

శరణాలయం అధికారులు పిల్లవాణ్ణి బండిలోకి ఎక్కించే దృశ్యం మూకీ చిత్రాలన్నిటిలోకీ మనసును పిండేసే ఘట్టాల్లో ఒకటి. చేతులు చాచి ఏడ్చే ఆ ముఖాన్ని ఒకసారి చూసినవారు మరచిపోలేరు. ఆ ఏడుపు ఎలా వచ్చిందో చాప్లిన్ తన ఆత్మకథ (1964)లో రాశాడు. పిల్లవాడు ఎంతకీ ఏడవకపోతే, తాను ఏడిపిస్తానని తండ్రి ముందుకొచ్చాడు. ఏడవకపోతే నిజంగానే శరణాలయానికి పంపేస్తామని కొడుకును బెదిరించాడు. దృశ్యం అయ్యాక చాప్లిన్ ఎత్తుకుని ఓదార్చబోతే, నాన్న ఉత్తినే అన్నాడని తనకు తెలుసని పిల్లవాడు చెప్పాడట. ఈ ఉదంతాన్ని నేను చాలా ముఖ్యమైన ఆధారంగా భావిస్తున్నాను. బెదిరింపు ఉత్తిదని తెలిసీ కన్నీళ్ళు పెట్టుకోగలిగాడంటే ఆ వయసుకే అతను నటుడు. ఆ కన్నీటి మీద అధికారం మాత్రం తండ్రిదే. దర్శకుడు సైతం ఆ అధికారాన్ని ఒప్పుకున్నాడు.

తర్వాత ‘పెక్స్ బ్యాడ్ బాయ్’ (1921), ‘ఆలివర్ ట్విస్ట్’ (1922) వచ్చాయి. అతని పేరుతో బొమ్మలు, తినుబండారాలు అమ్ముడుపోయాయి. బాల్యంలో అతని మొత్తం ఆర్జన 30 నుంచి 40 లక్షల డాలర్లని అంచనా. వయసు పెరిగేకొద్దీ వేషాలు తగ్గాయి.

1935 మేలో జరిగిన కారు ప్రమాదంలో తండ్రి మరణించాడు. అదే కారులో ఉన్న కూగన్ బతికి బయటపడ్డాడు. ఆ అక్టోబరులో అతనికి 21 ఏళ్ళు నిండాయి. తల్లి కుటుంబ ఆర్థిక సలహాదారు ఆర్థర్ బెర్న్‌స్టీన్‌ను పెళ్ళి చేసుకుంది. తన డబ్బు తన చేతికి రాకపోవడంతో కూగన్ 1938లో తల్లి మీద, సవతి తండ్రి మీద దావా వేశాడు. మైనరు సంపాదన తల్లిదండ్రులదేనని వాళ్ళు వాదించారు. కాలిఫోర్నియా చట్టం అప్పట్లో చెప్పిందీ అదే. చివరికి రాజీలో కూగన్‌కు దక్కింది సుమారు 1,26,000 డాలర్లు. తల్లి ప్రవర్తన బాధాకరమే, అయినా ఆమెకు అండగా నిలిచింది చట్టమే. మన విమర్శ మొదట దాని మీద పడాలి.

ప్రజల్లో రేగిన ఆగ్రహం ఫలితంగా 1939లో కాలిఫోర్నియా కొత్త చట్టం చేసింది. దాని ప్రకారం బాలనటుల ఆదాయంలో కొంత భాగాన్ని భద్రపరచమని న్యాయస్థానం ఆదేశించవచ్చు. అయితే న్యాయస్థానం ఆమోదానికి వచ్చిన ఒప్పందాలకే అది వర్తించేది, తక్కినవన్నీ తప్పించుకున్నాయి. ఈ లోపం పూడటానికి ఆరు దశాబ్దాలు పట్టింది. 2000 జనవరి 1 నుంచి బాలనటుల సంపాదన యావత్తూ వారి సొంత ఆస్తి. అందులో 15 శాతాన్ని యజమానే నేరుగా ట్రస్టు ఖాతాలో జమ చేయాలి.

కూగన్ రెండో ప్రపంచ యుద్ధంలో గ్లైడర్ పైలట్‌గా పనిచేశాడు. 1944లో భారతదేశం నుంచి బర్మాలోకి సైనికులను దించిన దాడిలో పాల్గొన్నాడు. 1964 నుంచి 1966 దాకా ‘ది ఆడమ్స్ ఫ్యామిలీ’ టీవీ ధారావాహికలో అంకుల్ ఫెస్టర్‌గా కొత్త తరానికి దగ్గరయ్యాడు. 1984 మార్చి 1న కన్నుమూశాడు.

ఈ చరిత్ర మనకూ సంబంధించిందే. భారత బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ సినిమాల్లో బాలనటుల పనిని అనుమతించింది. 2017 నిబంధనలు రోజుకు 5 గంటల పరిమితి పెట్టి, ఆదాయంలో కనీసం 20 శాతాన్ని బిడ్డ పేరిట జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలన్నాయి. శాతం కాలిఫోర్నియా కంటే ఎక్కువే. అయితే మిగిలిన 80 శాతం ఎవరిదన్న మాట ఆ నిబంధనలో లేదు. ‘భక్త ప్రహ్లాద’ (1967)లో రోజారమణి వంటి బాలనటులను నెత్తిన పెట్టుకున్న సినిమా మనది. ‘మాస్టర్’, ‘బేబీ’ అన్న పేర్లతో మద్రాసు స్టూడియోల్లో పనిచేసిన వారిలో ఎందరో ఇంకా మన మధ్య ఉన్నారు. వారి ఒప్పంద పత్రాలను, పారితోషికాల లెక్కలను, జ్ఞాపకాలను సేకరించే పనికి తెలుగు సినిమా పరిశోధకులు ఇప్పుడే పూనుకోవాలి.