లాడం కొట్టిన చేతులకు సర్వీసు రిజిస్టరు లేదు

మనమంతా ఏళ్ల తరబడి కొలువు చేసి, సర్వీసు రిజిస్టరులో ప్రతి ఎంట్రీ సరిచూసుకొని పదవీ విరమణ పొందినవాళ్లం. నెల మొదట్లో పింఛను అందుకుంటున్నాం. మన ఉద్యోగకాలంలో జీపు పోలేని ఊళ్లకు ఎడ్లబండి మీద క్యాంపు పోయిన రోజులు పెద్ద వయసు సభ్యులకు గుర్తుండే ఉంటాయి. ఆ బండి నడవడానికి అవసరమైన ఒక పనివాని పేరు మాత్రం ఏ రిజిస్టరులోనూ ఎక్కలేదు. ఎద్దులకు, గుర్రాలకు లాడాలు కొట్టే మనిషి అతడు. పశుసంవర్ధక శాఖలో పనిచేసినందున ఆ పనిని దగ్గరగా చూసే భాగ్యం నాకు కలిగింది. అందుకే ఈ నాలుగు మాటలు.

మన ప్రాంతంలో ఈ వృత్తి వెనుక పెద్ద చరిత్రే ఉన్నది. గద్వాల, వనపర్తి రెండూ నిజాం ఏలుబడి కింద ఉండిన సంస్థానాలు. 19వ శతాబ్దంలో వనపర్తి రాజా రామేశ్వరరావు ఆఫ్రికా సంతతి సిద్దీలతో అశ్వదళం పెంచారు. ఆ దళం తరువాత నిజాం సైన్యంలో చేరింది. హైదరాబాదులోని ఏ.సీ. గార్డ్స్ పేటకు ఆ పేరు ఈ ఆఫ్రికన్ కావల్రీ గార్డుల వల్ల వచ్చిందే. అన్ని గుర్రాలున్న చోట వాటి గిట్టలు చూసే మనిషి లేకుండా దళం ఒక్క మజిలీ కూడా సాగదు. లాడాన్ని ఉర్దూలో నాల్ అనీ, కొట్టేవానిని నాల్‌బంద్ అనీ అంటారు. మన పల్లెల్లో “ఎద్దుకు నాలు కొట్టించిన” అనే మాట అట్లా వచ్చిందే. ఇక నాగర్‌కర్నూలు పేరు గురించి చెప్పుకునే కథల్లో ఒకటి, ఆ ఊరు ఒకప్పుడు బండి ఇరుసులకు కందెన అమ్మే కేంద్రమని చెబుతుంది. ఇరుసుకు కందెన ఎంత ముఖ్యమో, ఎద్దు కాలికి లాడం అంత ముఖ్యం.

రేగడి చేలో దున్నే ఎద్దుకు లాడం అంతగా అక్కర లేదు. బరువు బండి కట్టి కంకర రోడ్డు మీద నడిపితేనే చిక్కు. ఎద్దు గిట్ట నెలకు సుమారు 5 మిల్లీమీటర్లు పెరుగుతుంది. రాతి బాట మీద అరుగుదల అంతకు మించితే ఎద్దు కుంటుతుంది. గుర్రం కాలికి ఒకే లాడం సరిపోతుంది. ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది కనుక కాలికి రెండు పలుచని ఇనుప రేకులు కావాలి.

పనిలోని కిటుకంతా మేకు దగ్గర ఉన్నది. గిట్ట పైగోడ మన గోరు లాంటిది, నొప్పి తెలియదు. దాని లోపల ప్రాణమున్న మాంసం. రెండింటి నడుమ అడుగున సన్నని తెల్లగీత కనిపిస్తుంది. మేకు ఆ గీతకు వెలుపల దిగి, మొన గోడ పక్కగా బయటికి రావాలి. దాన్ని తుంచి, మడిచి, ఆకురాయితో నున్నగా రాస్తారు. వెంట్రుకవాసి లోపలికి పోయిందా, నాలుగు రోజుల్లో చీము పట్టి పశువు కాలు మోపదు. గుర్రానికైతే ధనుర్వాతం వచ్చి ప్రాణమే పోవచ్చు.

పనివానికీ అపాయమే. గుర్రం వెనక్కి తంతుంది, ఎద్దు పక్కకూ తన్నగలదు. అందుకే నేర్పరి గుర్రం భుజం వైపు నుంచి మాట్లాడుతూ వస్తాడు, ఒంటికి ఆనుకొని నిలబడి కాలు ఎత్తుతాడు. ఎద్దునైతే మోకుతో మెడకు, రొమ్ముకు, డొక్కకు చుట్టి వెనక్కి లాగి మెత్తని నేల మీద పడుకోబెడతారు. ఒకరు తల పట్టుకొని కదలకుండా చూస్తారు.

వనపర్తి వైపు ఒక వారపు సంతలో చూసిన సంగతి చెబుతాను. ఒక రైతు తన ఎద్దును తెచ్చి లాడాలు కొట్టమన్నాడు. ముసలి నాల్‌బంద్ దాని డొక్క మీద చేయి వేసి చూసి మోకు కింద పెట్టేశాడు. “కడుపు నిండ మేపి తెచ్చినవ్ పటేలా. ఇప్పుడు పడేస్తే దానికి ఊపిరాడదు. రేపు పొద్దుగాల మేపకముందు తోలుకరా” అన్నాడు. రైతు విసుక్కొని వెళ్లిపోయాడు. ఆ పూట ఆయనకు బోణీ లేదు. నిండిన పొట్ట ఊపిరితిత్తుల మీద బరువై, కడుపులో గ్యాసు పట్టి పశువు చావవచ్చునని మేము పుస్తకాల్లో చదువుకున్నాం. ఆయన బడి ముఖం చూడలేదు. ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు. ఆ మనిషికి మాత్రం ఎద్దు నొప్పి తన నొప్పే. తన్నులు తిని వంకర తిరిగిన వేళ్లతోనే చివరిదాకా పని చేశాడు.

1960లో జంతు హింస నివారణ చట్టం వచ్చింది. దాని కింద 1965లోనే లాడాలు కొట్టేవారి లైసెన్సు గురించి కేంద్ర ప్రభుత్వం నియమాలు చేసింది. బ్రిటనులో ఫారియర్ల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది 1975లో. కాగితం మీద మనం పదేళ్లు ముందున్నాం. అయినా నేను తిరిగిన ఊళ్లలో లైసెన్సు కాగితం ఉన్న నాల్‌బంద్ ఒక్కడూ కనబడలేదు. ఊరి నమ్మకమే ఆయనకు లైసెన్సు.

ట్రాక్టర్లు వచ్చాక కాడెడ్లు తగ్గాయి, ఆ చేతులకు పని తగ్గింది. గిట్టల బాధ మాత్రం పోలేదు. తడి సిమెంటు గచ్చు మీద కట్టేసిన పాడి ఆవులకు, గేదెలకు గిట్టలు మెత్తబడి, కొన్నింటికి వంకరగా పెరిగి కుంటు వస్తున్నది. కుంటే పశువు మేత తగ్గిస్తుంది, పాలు తగ్గిస్తుంది. గిట్టను ఎంత కోయాలో, ఎక్కడ ఆపాలో తెలిసిన చేయి ఇప్పుడూ కావాలి.

కాబట్టి సభ్యులకు ఒక మనవి. మీ ఊళ్లో ఈ పని తెలిసిన పెద్దవారు ఇంకా ఉంటే పక్కన కూర్చొని చెప్పింది చెప్పినట్టు రాసి పెట్టండి. మీ మనుమలు, మనుమరాండ్రలో పశువైద్యం చదివేవారుంటే వారిని ఆయన దగ్గరకు తీసుకుపోండి. మన సర్వీసును ప్రభుత్వం రాసి పెట్టింది. వారి సర్వీసును రాయవలసింది మనమే.