జొన్న, పెల్లాగ్రా, మూత్రపిండం: ఒక కొలమానపు చరిత్ర

నిర్మల్ పరిసరాల మెట్టభూముల్లో జొన్నరొట్టె, గట్క తరతరాల పేదల తిండి. 1958లో కూనూరు నుండి హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనాలయం జొన్న తినేవారిలో పెల్లాగ్రాను అధ్యయనం చేసింది. 1960లో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య ఆ వ్యాధికి జొన్నలోని అధిక లూసిన్‌తో సంబంధం చూపారు. ఆ వాదం తరువాత వివాదాస్పదమైంది. అయినా మొక్కజొన్న చుట్టూ తిరిగిన పెల్లాగ్రా చర్చలోకి జొన్నను తెచ్చిన ఘనత దానిదే.

నయాసిన్ లోపాన్ని పసిగట్టేందుకు శాస్త్రజ్ఞులు మూత్రాన్ని పరీక్షించారు. శరీరంలో నయాసిన్ మిథైల్ నికోటినమైడ్‌గా, ఆపై పిరిడోన్‌గా మారి విసర్జితమవుతుంది. అవి తగ్గితే విటమిన్ లోపమని భావించేవారు. అయితే ఈ కొలమానం మూత్రపిండాలు ఆరోగ్యంగా ఉన్నాయని ముందే అనుకుంటుంది. అవి దీర్ఘకాలికంగా విఫలమైతే పిరిడోన్ రక్తంలో పేరుకుపోతుంది. అటువంటి జొన్నభోజి మూత్రంలో అది తక్కువగా కనిపిస్తే, లోపం తిండిదో మూత్రపిండానిదో మూత్రపరీక్ష ఒక్కటే తేల్చలేదు.