సైబర్ సేఫ్టీ: బావి దగ్గర అగ్గిపెట్టె ఆపినట్టే.. వెబ్‌సైట్ గేటు దగ్గరే ఆ కోడ్ ఆపాలి!

జ్యోతినగర్, గోదావరిఖని జనానికి బొగ్గు బావి రూల్ కొత్తగా చెప్పక్కర్లేదు. అండర్‌గ్రౌండ్ గనిలోకి దిగే ముందు కార్మికుల జేబులు తనిఖీ చేస్తారు. బీడీ, అగ్గిపెట్టె, లైటర్.. ఏది ఉన్నా బయటే వదిలేయాలి. లోపల మీథేన్ గ్యాస్ ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు మరి! వెబ్‌సైట్‌కు కూడా అలాంటి తనిఖీయే కావాలి. జనం రాసి పంపింది చూడకుండా పేజీలోకి వదిలితే, ఆ పేజీ తెరిచిన అందరికీ ముప్పే.

అసలు ప్రమాదం ఏంటి?

వెబ్ పేజీలు హెచ్‌టీఎంఎల్ అనే కోడ్‌తో తయారవుతాయి. 'ఇల్లు అద్దెకు', 'బైక్ అమ్మబడును' లాంటి ప్రకటనలు జనమే రాసుకునే ఒక లోకల్ సైట్ ఉందనుకుందాం. ఒకడు ప్రకటనకు బదులు ఆ బాక్స్‌లో కోడ్ రాసి పంపాడు. సైట్ దాన్ని ఉన్నదున్నట్టు చూపించింది. అది సైట్ ఓనర్ రాసిందా, బయటివాడు రాసిందా అన్నది బ్రౌజర్‌కు తెలియదు. నమ్మి రన్ చేసేస్తుంది. అంతే.. చూస్తున్నవారి లాగిన్ చోరీ కావచ్చు, నకిలీ పాస్‌వర్డ్ పేజీ రావచ్చు, వాళ్ల పేరుతో వాళ్లకు తెలియకుండానే పోస్టులు వెళ్లొచ్చు. దీన్నే క్రాస్ సైట్ స్క్రిప్టింగ్ అంటారు. షార్ట్‌గా ఎక్స్ఎస్ఎస్.

20 గంటల్లో 10 లక్షల మంది!

2005 అక్టోబర్‌లో అమెరికాలో జరిగిన ఘటన ఇది. అప్పట్లో మైస్పేస్ పెద్ద సోషల్ మీడియా సైట్. సామీ కామ్‌కర్ అనే 19 ఏళ్ల కుర్రాడు తన ప్రొఫైల్‌లో చిన్న కోడ్ పెట్టాడు. ఆ ప్రొఫైల్ చూసినవాళ్ల నుంచి అతనికి ఆటోమేటిక్‌గా ఫ్రెండ్ రిక్వెస్ట్ వెళ్లేది. పైగా ఆ కోడ్ వాళ్ల ప్రొఫైల్‌లోకీ కాపీ అయ్యేది. 20 గంటలు తిరక్కుండానే 10 లక్షల మందికి పైగా అంటుకుంది. సైట్‌నే కాసేపు మూసేయాల్సి వచ్చింది. 2007లో కోర్టులో నేరం ఒప్పుకున్న సామీకి మూడేళ్ల ప్రొబేషన్ పడింది.

ఇక్కడే అసలు పాఠం ఉంది. మైస్పేస్ తనిఖీ చేయలేదా? చేసింది! 'జావాస్క్రిప్ట్' అనే మాట కనిపిస్తే తీసేసేది. సామీ ఆ మాటను మధ్యలో విరిచి, సగం కింది లైన్‌లో రాశాడు. ఫిల్టర్ గుర్తుపట్టలేదు.. కొన్ని బ్రౌజర్లు మాత్రం రెండూ కలిపి చదివేశాయి. చెడ్డవాటి లిస్ట్ పెట్టుకుంటే ఏదో ఒకటి తప్పించుకుంటుంది. అందుకే అనుమతి ఉన్నవాటి లిస్ట్ పెట్టుకుని, మిగతావన్నీ బయటే ఆపాలి.

సైట్ నడిపేవాళ్లు ఏం చేయాలి?

- పేరు, ఫోన్ నంబర్, అడ్రస్ లాంటి చోట్ల హెచ్‌టీఎంఎల్ అవసరమే లేదు. కోడ్‌లోని గుర్తులను మామూలు అక్షరాలుగా మార్చి చూపించాలి. దీన్ని ఎస్కేపింగ్ అంటారు. అప్పుడు కోడ్ కనిపిస్తుందే తప్ప పనిచేయదు.
- బోల్డ్, పేరా, లిస్ట్ లాంటివి కావాలంటే వాటినే అనుమతించాలి. ఇదే శానిటైజేషన్. స్క్రిప్ట్ ట్యాగ్ ఒక్కటి తీసేస్తే సరిపోదు. ఫొటో ట్యాగ్‌లోని 'ఆన్‌ఎర్రర్'తోనూ కోడ్ నడుస్తుంది.
- లింకులు హెచ్‌టీటీపీఎస్‌తో మొదలైతేనే ఓకే. 'జావాస్క్రిప్ట్' అని మొదలైతే తీసేయాలి.
- ఫిల్టర్ సొంతంగా రాయొద్దు. డామ్‌ప్యూరిఫై లాంటి పేరున్న ఉచిత టూల్ వాడాలి, అప్‌డేట్ చేస్తుండాలి.
- యూజర్ ఫోన్‌లో చేసే చెక్‌ను నమ్ముకోవద్దు. దాన్ని దాటేసి నేరుగా సర్వర్‌కు పంపొచ్చు.
- లాగిన్ కుకీకి 'హెచ్‌టీటీపీ ఓన్లీ' పెడితే స్క్రిప్ట్ దాన్ని చదవలేదు. కంటెంట్ సెక్యూరిటీ పాలసీ పెడితే రెండో కాపలా ఉన్నట్టే.

మరి మనం?

తెలిసిన సైటే అయినా ఉన్నట్టుండి మళ్లీ పాస్‌వర్డ్ అడిగితే ఆగండి. పని అయ్యాక లాగౌట్ చేయండి, బ్రౌజర్ అప్‌డేట్‌గా ఉంచండి. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి కాల్ చేయండి. ఆలస్యమయ్యే కొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

బావిలో ఒక్కరి జేబులోని అగ్గిపెట్టె షిఫ్టులో ఉన్న అందరికీ ప్రమాదం. ఇక్కడా అంతే.. ఒక్క బాక్స్ వదిలేస్తే చాలు!